పొగ లేని కుంపటి

"నిద్రలో పిల్లాడి మీద పడిపోయింది. అంతే. దేవుడు రాసిన రాత అని సరిపెట్టుకుంటాను గానీ, కన్నతల్లికి అంత ఒళ్లు తెలియని నిద్ర ఏమిటమ్మా?"

కెల్తూమ్ ఈ మాట పొద్దుటి నుంచి ఎంతమందితో అందో. పరామర్శకి ఎవరు గడప దాటి వచ్చినా మొదటి నుంచి మొదలుపెడుతోంది. పొద్దున "పడిందేమో" అన్నది, జనం పెరిగేకొద్దీ "పడింది" అయింది. ఇప్పుడు ఏ చెయ్యి ఎక్కడ పడిందో కూడా చూపిస్తోంది.

వంటింట్లో కాఫీ గ్లాసులు కడుగుతున్న ఖేరా చేతులు ఒకసారి ఆగి, మళ్లీ కదిలాయి. కూతుర్నిచ్చిన ఇంట్లో, కూతురి బిడ్డ పోయిన మూడో రోజున, వియ్యపురాలి మాటకి ఎదురు చెప్పిన తల్లి ఈ ఊళ్లో ఇంతవరకూ లేదు.

తలుపు సందులోంచి చూస్తే కూతురు కనబడుతోంది. వహీబా గోడ మూల పరుపు మీద, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఆస్పత్రి నుంచి తెచ్చినప్పటి నుంచి ఒక్క మాట లేదు. వచ్చినవాళ్లంతా కెల్తూమ్ వైపు సర్దుకుని కూర్చున్నారు. వహీబా పక్కన మాత్రం ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. మైల పడ్డట్టు ఎవరూ అటు జరగడం లేదు.

కవలలు పుట్టారని ఊరంతా తీపి పంచిన ఇల్లు ఇది. మగపిల్లాడు ఇద్రీస్, ఆడపిల్ల రుమైసా. నలభై రోజులు ఇంకా నిండలేదు. ఆ రోజు తెల్లవారి బాలింత గది తలుపు తీసేసరికి ఇద్రీస్ చల్లబడి ఉన్నాడు. వహీబా పక్కనే వాంతి చేసుకుని, పిలిస్తే పలక్కుండా పడి ఉంది. రుమైసా ఒక్కతే ఆ గదిలో లేదు. కడుపునొప్పితో గుక్కపెట్టి ఏడుస్తుంటే, రాత్రి కెల్తూమ్ తిట్టుకుంటూ ఎత్తుకుపోయి తన దగ్గర పడుకోబెట్టుకుంది.

ఏడ్చిన పిల్ల బతికింది. బుద్ధిగా పడుకున్న పిల్లాడు పోయాడు.

"పోతే పోయాడు గానీ, ఏం రంగమ్మా అది," అంటోంది మక్కా వెళ్లొచ్చిన బఖ్తా, గ్లాసులో మూడో చెంచా పంచదార కలుపుకుంటూ. "స్నానం చేయించినప్పుడు చూశాను. బుగ్గలు దానిమ్మ గింజలు. బతికున్న పిల్లలకి కూడా ఆ కళ ఉండదు."

"స్వర్గానికి పోయే పిల్లల రంగు హజ్జా అది." కెల్తూమ్ కళ్లు తుడుచుకుంది. "మగపిల్లాణ్ణి తీసుకుని ఆడపిల్లని మిగిల్చాడు. దాన్నైనా కాపాడుకోవాలిగా. ఎవరికీ చూపించను. నా గదిలో వెచ్చగా పడుకోబెట్టి తలుపు వేశాను. ఒకణ్ణి మింగిన కళ్లు చాలు."

ఆఖరి మాట అంటూ ఆమె ఎవరి వైపూ చూడలేదు. అందుకే అందరూ వహీబా వైపు చూశారు.

ఖేరాకి భయపడటం కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి అదే ఆమె వృత్తి. కూతురు కడుపుతో ఉన్నప్పుడు గుడ్లగూబ అరిస్తే భయం, పిల్లి అడ్డొస్తే భయం, పొరుగింటావిడ "ఎంత పెద్ద కడుపమ్మా" అంటే భయం. కాన్పు అయ్యాక దిష్టి భయం, పచ్చి ఒంటికి గాలి సోకుతుందని భయం. పిల్లల దిండు కింద కత్తి పెట్టింది. గడపకి ఉప్పు చల్లింది. ఇన్ని భయాలు పడ్డాక కూడా చావు ఇంకో దారిన వచ్చింది. ఆ దారి ఏదో మూడు రోజులుగా ఆమెకి అంతుపట్టడం లేదు.

మధ్యాహ్నం నమాజు అయిన కాసేపటికి నజ్జెత్ వచ్చింది. వహీబాతో ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్న పిల్ల. ఇప్పుడు పెద్దబడిలో సైన్సు చెబుతోంది. మంచు అంటిన బూట్లు గడప దగ్గర విప్పేసి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా వెళ్లి వహీబా పక్కన ఉన్న ఆ ఖాళీలో కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. వహీబా చెయ్యి ఇచ్చింది గానీ నోరు విప్పలేదు.

కెల్తూమ్ కథ ఇంకోసారి మొదలైంది. నజ్జెత్ చివరిదాకా వింది. దానిమ్మ బుగ్గల మాట వచ్చినప్పుడు ఆమె తల ఎత్తింది. కాసేపటికి ఖాళీ గ్లాసుల పళ్లెం తీసుకుని వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"పిన్నీ, ఒక్క మాట. ఆ రాత్రి గదిలో ఏమేం ఉన్నాయి?"

"ఏముంటాయే. పరుపు, ఉయ్యాల, తల్లీ పిల్లాడూ."

"కుంపటి?"

"బాలింత గదిలో కుంపటి లేకుండా ఎట్లా? బయట మంచు పడుతుంటే? మీ అమ్మ నిన్ను కన్నప్పుడు పెట్టలేదా?"

"కిటికీ?"

ఖేరా గ్లాసు అంచుని గుడ్డతో తుడిచింది. తుడిచిన అంచునే మళ్లీ తుడిచింది. "మూసే ఉంది," అంది.

"పైన వెంటిలేటరు?"

"నాకేం గుర్తు."

గుర్తుంది. ఆ సాయంత్రం తను ఇంటికి బయల్దేరే ముందు వహీబా కిటికీ కాస్త తెరిచింది, "ఉక్కగా ఉందమ్మా, తల బరువుగా ఉంది," అని. ఖేరా కయ్యిమని లేచి కిటికీ మూసింది. అది చాలక, స్టూలెక్కి వెంటిలేటర్లో తన శాలువా కుక్కింది. ఆకుపచ్చ అంచు ఉన్నిశాలువా. "పచ్చి ఒంట్లోకి గాలి దూరితే జన్మంతా కీళ్లు పీకుతాయి," అని బెదిరించి మరీ వెళ్లింది.

నజ్జెత్ గొంతు తగ్గించింది. "బొగ్గు కాలితే ఒక విషం పుడుతుంది పిన్నీ. పొగ కాదు. దానికి రంగుండదు, వాసనుండదు. గది బిగించి ఉంటే ఎటూ పోలేక లోపలే నిండుతుంది. మనం పీల్చిన గాలి నెత్తుట్లో ఎక్కడ కూర్చోవాలో అది పోయి అక్కడ కూర్చుంటుంది. లెమ్మంటే లేవదు. ముందు తలనొప్పి. తరవాత వాంతి. తరవాత నిద్ర. అలా పోయినవాళ్ల ఒంటికి ఎర్రటి రంగు తేలుతుంది. బుగ్గలు గులాబీల్లా ఉంటాయి. వీళ్లేమో స్వర్గం రంగంటున్నారు."

ఖేరా అక్కడే ఉన్న గోధుమరవ్వ బస్తా మీద కూలబడింది.

కూతురు ఎవరి మీదా పడలేదు. కూతురు చంపలేదు. ఆ మాట వినగానే తల్లి గుండె తేలిక పడాలి. కానీ ఖేరాకి ముందు కనబడింది శాలువా. ఆ పొద్దున కబురు అంది తను వచ్చి చూసేసరికి అది వెంటిలేటర్లో లేదు. ఎవరు తీశారు? ఎవరు చూశారు? తన పిల్లకి నింద తప్పుతోందన్న సంతోషం కన్నా ముందు, ఆ నింద ఎవరి నెత్తికెక్కుతుందో అన్న భయం వచ్చి కూర్చుంది. అదీ లెమ్మంటే లేవలేదు.

"కాదే," అంది, ఒడ్డు దొరికినట్టు. "గదిలో గాలి బాగానే ఉంది. కొవ్వొత్తి ఆరలేదు."

"ఏ కొవ్వొత్తి?"

"వహీబాయే పెట్టేది, కుంపటి పక్కన. బడిలో చెప్పారటగా. గాజు గ్లాసు బోర్లిస్తే లోపల కొవ్వొత్తి ఆరిపోతుందని. గాలి చాలకపోతే కొవ్వొత్తి ఆరుతుంది, అది వెలిగినంతసేపూ భయం లేదమ్మా అనేది. లావుపాటి కొవ్వొత్తి. తెల్లవారి తలుపు తీసినప్పుడు కూడా నిలువునా వెలుగుతూనే ఉందట."

కుళాయి కారుతుంటే నజ్జెత్ వెళ్లి బిగించింది.

"ఆ పాఠం మేమిద్దరం కలిసే విన్నాం," అంది చివరికి. "తరవాతి పేజీలోనే ఉంటుంది పిన్నీ ఇది. బొగ్గు విషం గురించి. కొవ్వొత్తి ఆరక్కర్లేదు, అది బాగా వెలుగుతుండగానే మనిషి పోతాడని. మా మాస్టారు ఆ పేజీ చెప్పలేదు. పరీక్షలో రాదన్నారు."

"నువ్వు చెబుతున్నావుగా ఇప్పుడు పిల్లలకి."

"నేనూ చెప్పట్లేదు. పరీక్షలో ఇప్పటికీ రాదు."

ఖేరాకి పోయినేటి చలికాలం గుర్తొచ్చింది. మైకు కట్టుకున్న బండి ఒకటి వీధి వీధీ తిరిగింది. బొగ్గు అనో, గాలి అనో ఏదో అంది, టీవీ వార్తల్లో మాట్లాడే పెద్ద భాషలో. ఓట్లకి వచ్చారనుకుని ఆమె కిటికీ మూసేసింది.

"ఆస్పత్రివాళ్లకి తెలియకుండా ఉండదు పిన్నీ. నెత్తురు చూస్తే తేలిపోతుంది. వహీబాకి ముక్కు మీద ముసుగు పెట్టి గాలి ఎక్కించారు గదా, అది అందుకే. ఎవరికో చెప్పే ఉంటారు."

"ఆడవాళ్లని లోపలికి రానిచ్చారా. అక్కడున్నది మా అల్లుడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాప గదిలో కుంపటి లేదు గదా?"

"లేదు. పొద్దున నేనే వెళ్లి చూశాను. ఆ గదిలో ఎప్పుడూ పెట్టరు."

"అయితే పదండి. నేను చెబుతాను అందరి ముందూ. వహీబా మొహం చూడలేకపోతున్నాను."

"ఆగు," అంది ఖేరా. చెయ్యి పట్టుకుంది కూడా. "ముందు అల్లుడితో మాట్లాడనీ. మగాడు చెబితే వింటారు."

కారణం అది కాదు. శాలువా ఎవరి దగ్గరుందో ముందు తెలియాలి ఆమెకి.

పెరట్లో అల్లుడు మిలూద్ గొంతుక్కూర్చుని కుంపటి విసురుతున్నాడు. భుజాల మీద మంచు పడుతున్నా దులుపుకోవడం లేదు. నల్లగా మిగిలిన బొగ్గు కనబడితే పట్టకారుతో ఏరి అవతల పారేస్తున్నాడు. అది మంచులో పడి సుయ్యిమంటోంది.

"బాబూ, డాక్టరు మీతో ఏమన్నాడు?"

విసనకర్ర ఆగలేదు. "ఏమంటాడు. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అన్నాడు."

"ఆ మాట ఇమాము అంటాడు బాబూ. డాక్టరు ఏమన్నాడు?"

విసనకర్ర ఆగింది.

"బొగ్గు గాలి అన్నాడు."

"మూడు రోజులుగా తెలుసు మీకు."

"తెలుసు."

"మీ అమ్మ నా కూతురు పిల్లాణ్ణి చంపిందంటోంది. వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతోంది. మీరు పక్క గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నారు."

మిలూద్ మొహం మీద కోపం రాలేదు. అలసట ఉంది. "ఏం చెప్పమంటారు అత్తయ్యా? ఆ కుంపటి పెట్టింది మా అమ్మ. మనవణ్ణి నీ చేతులారా చంపుకున్నావని చెప్పనా? ఆవిడ గుండె ఆగిపోతుంది. వహీబా చిన్నది. తట్టుకుంటుంది. ఇంకోణ్ణి కంటుంది. రేపు జనం మర్చిపోతారు."

"తల్లి మర్చిపోతుందా? తన ఒంటి కింద పిల్లాడు నలిగాడనుకుంటూ బతకాలా అది?"

"అనుకోనీండి కొన్నాళ్లు."

ఈ మాట అతను చాలా మెల్లగా అన్నాడు. తరవాత పట్టకారు పక్కన పెట్టాడు. "అయినా నన్ను అడుగుతున్నారు గానీ, వెంటిలేటర్లో శాలువా ఎవరిది? తెల్లవారి నేనే లాగాను. ఎవరూ చూడకముందే నా కోటులో దాచాను. ఆకుపచ్చ అంచుది. మీకు మేలే చేశాను. మా అమ్మకి తెలిస్తే మిమ్మల్ని ఈ ఊళ్లో బతకనిస్తుందా? మనిద్దరం నోరు మూసుకుంటే మా అమ్మతో కలిపి ముగ్గురికీ మంచిది."

ఖేరా ఔననలేదు, కాదనలేదు. మంచు పడుతోంది. ఆమె ఏదో ఒకటి అనాల్సిన సమయం వచ్చింది, పోయింది. ఏమీ అనకపోవడమే ఒప్పుకోవడమని ఇద్దరికీ అర్థమైంది.

మిలూద్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కుంపటి చెవులు పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి బాబూ అది?"

"అమ్మ గదికి. మధ్యాహ్నం పెట్టింది చల్లబడుతుంటుంది. పాప పడుకుంది కదా."

"మధ్యాహ్నం? ఆ గదిలోనా? మీకు తెలిసి కూడానా?"

"తెలుసు గనకే ఇంత కష్టపడుతున్నాను. ఆ రోజు అమ్మ తొందరపడి నల్లగా ఉండగానే లోపలికి తెచ్చేసింది. ఇది చూడండి, ఒక్క నల్ల బొగ్గు ఉందా? చుక్క పొగ ఉందా? నల్ల బొగ్గు చంపుతుంది, ఎర్ర బొగ్గు కాస్తుంది అనేవాడు మా తాత. పైగా కొవ్వొత్తి కూడా పెట్టాను."

"పొగ కాదు బాబూ," అంది ఖేరా. అప్పటికే పరిగెత్తుతోంది.

లోపలి గది తలుపుకి సరిగ్గా వీపు ఆనించి కూర్చుంది కెల్తూమ్. పరామర్శకి వచ్చినవాళ్ల కళ్లు పిల్ల మీద పడకుండా తనే గొళ్లెంలా.

"లే వదినా. పాపని చూడాలి."

"నిద్రపోతోంది. పుట్టిన దగ్గర్నుంచి ఇంత హాయిగా పడుకోలేదు. చూడు, గంట నుంచి కిక్కురుమనలేదు."

"లే వదినా. గదిలో కుంపటి ఉంది."

"ఉంటే? దీన్ని చలికి చంపమంటావా?"

"ఇద్రీస్‌ని చంపింది కుంపటే."

కాఫీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగాయి. వహీబా తల ఎత్తలేదు గానీ మోకాళ్ల చుట్టూ చేతులు బిగిశాయి.

కెల్తూమ్ నవ్వింది. "విన్నారా? కూతుర్ని వెనకేసుకు రావడానికి ఎవరూ దొరక్క పాపం కుంపటి మీద వేస్తోంది. నన్ను మా అమ్మ కుంపటి పక్కనే కంది. నేను నా పిల్లలందర్నీ కుంపటి పక్కనే కన్నాను. ఎవరం చచ్చాం?"

నజ్జెత్ వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "అప్పటి ఇళ్ల తలుపుల సందుల్లో వేలు దూరేది పెద్దమ్మా. పెంకుల్లోంచి ఆకాశం కనబడేది. ఇప్పుడు సిమెంటు గోడలు, అల్యూమినియం కిటికీలు. విషం బయటికి పోయే దారి లేదు. ముందు తలుపు తియ్యండి, తరవాత మాట్లాడుకుందాం."

"నీకు పెళ్లయిందా?"

"లేదు."

"పిల్లలు?"

నజ్జెత్ తల అడ్డంగా ఊపింది.

"మరి బాలింతల గది సంగతి నాకు నువ్వా చెప్పేది? ఇంతకీ ఏ విషం? ఎవరు చూశారు? వాసనేదైనా వచ్చిందా?"

"రాదు వదినా," అంది ఖేరా. "కనబడదు. వాసనుండదు."

"కనబడదు, వాసన రాదు, వచ్చి ప్రాణం తీస్తుంది," అంది బఖ్తా చెంచా ఆడిస్తూ. "దాన్ని మా వీధిలో జిన్ను అంటారమ్మా." ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. చావింట్లో నవ్వామని గుర్తొచ్చి తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఖేరా కెల్తూమ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "జిన్నుని నమ్ముతాం. దిష్టిని నమ్ముతాం. నేను నీకన్నా ఎక్కువ నమ్ముతాను. కనబడనిదాన్ని నమ్మడం మనకి చేతకానిది కాదుగా వదినా. దీన్ని కూడా నమ్ము. పూర్తిగా వద్దు. ఆ తలుపు తియ్యడానికి సరిపడా నమ్ము చాలు."

కెల్తూమ్ కళ్లలో ఏదో కదిలింది. భయమే కావచ్చు. ఆమె చెయ్యి నేలకి ఆనింది, లేవబోతున్నట్టు.

అంతలో మిలూద్ కుంపటితో గుమ్మంలోకి వచ్చాడు. ఎర్రటి వెలుగు అతని గడ్డం కింద పడుతోంది.

"అడుగు," అంది ఖేరా. "నీ కొడుకునే అడుగు. డాక్టరు చెప్పాడు. మూడు రోజుల కిందటే చెప్పాడు."

"ఏరా? చెప్పాడా?"

గదిలో ఆడవాళ్లంతా మిలూద్‌ని చూశారు. వహీబా కూడా తల ఎత్తింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె భర్త మొహం చూడటం అదే మొదలు. అతను ఆమెని చూశాడు, తల్లిని చూశాడు, చేతిలో కుంపటిని చూసుకున్నాడు.

"లేదమ్మా. అలాంటిదేమీ చెప్పలేదు."

కెల్తూమ్ చెయ్యి నేల మీంచి లేచి మళ్లీ ఒళ్లోకి వచ్చింది.

"విన్నావుగా. ఇక నీ కూతుర్ని తీసుకుని బయల్దేరు. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఒకణ్ణి చంపినదాని చేతికి ఇంకోదాన్ని ఇవ్వను."

"దాని చేతులు ఏ పాపం ఎరగవు," అంది ఖేరా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "వెంటిలేటర్లో శాలువా కుక్కింది నేను. నా కూతురు కిటికీ తెరిస్తే మూసింది నేను. గాలి సోకుతుందని. శాలువా నీ కొడుకు కోటులో ఉంది, చూసుకో."

కెల్తూమ్ చూపు కొడుకు కోటు మీదికి వెళ్లి, మళ్లీ ఖేరా మీదికి వచ్చింది.

"అయితే నువ్వే చంపావు నా మనవణ్ణి."

"అవును. తలుపు తియ్యి."

"నువ్వే చంపావు."

"నేనే చంపాను వదినా. నేనే. ఊరంతా చెప్పుకో. తలుపు తియ్యి."

కెల్తూమ్ లేవలేదు. గదంతా కలయజూసింది. "హజ్జా, విన్నావు గదా? అందరూ విన్నారు గదా? నేనన్న మాట కాదు, తన నోటితో తనే అంది. రేపు ఎవరైనా అడిగితే మీరే సాక్ష్యం." ఒక్కొక్కరి మొహమే చూస్తూ, ఒక్కొక్కరూ తల ఊపేదాకా ఆగి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్తోంది. తలుపు వెనక నుంచి ఏ చప్పుడూ లేదు.

వహీబా లేచింది.

గోడ పట్టుకుని, తూలుతూ, పరుపులు దాటుకుంటూ వచ్చింది. తల్లి చెయ్యి అందించింది. ఆ చెయ్యి చూడనట్టే దాటేసింది. అత్త భుజం మీద రెండు చేతులూ వేసి, తలుపు ముందు నుంచి మూట జరిపినట్టు పక్కకి జరిపింది. కెల్తూమ్ కెవ్వుమని నేల మీదికి ఒరిగింది. తలుపు తెరుచుకుంది.

గది వెచ్చగా, పరిశుభ్రంగా ఉంది. చుక్క పొగ లేదు. సాంబ్రాణి వాసన. కుంపట్లో బొగ్గులు ఎర్రగా, కంటికి ఇంపుగా ఉన్నాయి. పక్కన కొవ్వొత్తి నిలువునా వెలుగుతోంది, రెపరెప కూడా లేకుండా.

బఖ్తా అందరి భుజాల మీంచి తొంగి చూసింది. "మాషా అల్లా. ఏం రంగు తేలింది పిల్ల. అచ్చం అన్న కళే."

వహీబా ఉయ్యాల్లోంచి పిల్లని ఎత్తుకుంది. తల మోచేతి మీంచి వెనక్కి వాలింది. బుగ్గలు రెండూ దానిమ్మ గింజలు.

ఖేరా కిటికీ బార్లా తెరిచింది. మంచుగాలి విసురుగా లోపలికొచ్చింది. కొవ్వొత్తి ఆరిపోయింది.

"బయటికి," అంది నజ్జెత్. "పెరట్లోకి తీసుకెళ్లండి. నేను బండి చూస్తాను." బూట్లు వేసుకోకుండానే వీధిలోకి పరిగెత్తింది.

మిలూద్ గుమ్మంలో అలాగే ఉన్నాడు. చేతిలో కుంపటి ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు అతనికి. తల్లీకూతుళ్లు అతన్ని తోసుకుని పెరట్లోకి వచ్చారు. చెప్పుల్లేని కాళ్లు మంచులో దిగబడ్డాయి. ఖేరా పిల్ల దుప్పటి తప్పించి అరికాలు గిల్లింది. ఇంకా గట్టిగా గిల్లింది.

"ఏడువు తల్లీ. నా బంగారుతల్లివి గదూ. ఒక్కసారి ఏడువు."

వహీబా పెదాలు కదిలాయి. మూడు రోజుల తరవాత మొదటి మాట. "కొవ్వొత్తి వెలుగుతూనే ఉందమ్మా," అంది. "చూశావుగా. వెలుగుతూనే ఉంది."

పుట్టిన దగ్గర్నుంచి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసిన పిల్ల. ఇంతగా అడుగుతుంటే గొంతు విప్పడం లేదు. మంచు రేకు ఒకటి ఆ ఎర్రటి బుగ్గ మీద పడింది. కరుగుతుందా అని ఖేరా వంగి చూస్తోంది.

లోపల నుంచి కెల్తూమ్ గొంతు వినబడింది. "ఆ తలుపు వెయ్యండర్రా. ఇల్లంతా చలి కొట్టేస్తోంది."

ఎవరో వచ్చి వేశారు.